ఇంట్లో మాట్లాడే భాష

గోరింక తండ్రి మీద గోరింక తల్లికి ఉన్న ఫిర్యాదులు ఒకటా రెండా. తడి తువ్వాలు మంచం మీద పారేస్తాడు. చెప్పులు చెరో గదిలో విడుస్తాడు. గురక కూడా తెలుగులోనే పెడతాడు. అలాంటి మనిషి ఈ పరాయి దేశంలో పిల్లను బడిలో చేర్చేటప్పుడు మాత్రం, దరఖాస్తులో ‘ఇంట్లో మాట్లాడే భాష’ అన్న చోట ‘ఇంగ్లీషు’ అని గుండ్రంగా రాసి, కింద సంతకం గిలికి వచ్చాడు.

ఆ సంగతి ఆమెకు నాలుగు నెలల తర్వాత, హెడ్‌మిస్ట్రెస్ గదిలో తెలిసింది.

పిల్లకు తొమ్మిదేళ్లు. ఇంట్లో క్షణం నోరు మూయదు కనక గోరింక అని పేరు పడింది. బడిలో ఆ నోరే తెరవడం లేదట. సోమవారం నుంచి రెండు తరగతులు కిందకు దించుతామని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరమూ, పిల్ల లెక్కల నోటుబుక్కూ సంచిలో వేసుకుని తల్లి బుధవారం పొద్దున్నే బడికి వెళ్లింది. కాలేజీలో చదువుకున్న ఇంగ్లీషు ఆమెకు బాగానే అర్థమవుతుంది, మాట్లాడబోతేనే కుంటుతుంది. కుంటుకుంటూనే వాదించింది.

“చూడండి మేడమ్. అంకెల లెక్కలన్నీ రైటు. మాటల్లో ఇచ్చిన లెక్కలన్నీ ఖాళీ. మా పిల్లకు రానిది లెక్కా, మీ భాషా?”

హెడ్‌మిస్ట్రెస్ నోటుబుక్కు రెండుసార్లు తిరగేసింది. “ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలకు మా దగ్గర వేరే టీచరు ఉంది. కానీ మీ ఇంట్లో మాట్లాడేదే ఇంగ్లీషు కదా?” అంటూ ఫైలు తెరిచి చూపించింది.

ఆ గుండ్రటి చేతిరాతను చూడగానే తల్లికి ఒళ్లు మండింది.

“సంతకం చేసినవారే వచ్చి మార్చాలి. శుక్రవారంలోగా.”

తిరిగి వస్తూ ఆమె లైబ్రరీ పక్కన ఉన్న చిన్న గదిలోకి తొంగి చూసింది. లోపల ఆరుగురు పిల్లలు. తలుపుకు, కిటికీకి, బల్లకు చీటీలు అంటించి ఉన్నాయి. పైన ఇంగ్లీషు మాట, కింద ఆ పిల్లల భాషల్లో మాటలు. ఒక పిల్ల బొమ్మ గీసి, తన భాషలోనే ఏదో లెక్క వివరిస్తోంది. టీచరు మొత్తం విని, అవే మాటలు ఒక్కొక్కటిగా ఇంగ్లీషులో అందించి, ఆ పిల్ల పలికేదాకా ఆగింది. ఎవరికీ తొందర లేదు.

లిఫ్టులు బాగుచేసే మొగుడు సాయంత్రం ఇంటికి రాగానే పంచాయితీ మొదలైంది.

“ఆ గదిలో కూర్చోబెడితే మొద్దుపిల్ల అని ముద్ర పడుతుంది. పనిలో చేరిన కొత్తలో నేను నోరు తెరిస్తే షెడ్డంతా నవ్వేది. నేను పడ్డది చాలదా?”

“అందుకని అది అసలు నోరే తెరవకూడదా?”

“నాలుగు రోజులు పోతే అదే వస్తుంది.”

“నాలుగు నెలలు పోయాయండీ.”

“నేను మార్చను. అంతే.”

“సరే,” అందామె మెత్తగా. ఆమె సంగతి తెలిసినవాళ్లెవరైనా ఆ మెత్తదనానికి భయపడి ఉండేవారు. “మీ సంతకం అబద్ధం కాకూడదుగా. ఇకనుంచి ఈ ఇంట్లో ఇంగ్లీషే.”

“నీకేమైనా పిచ్చా?”

“ఇంగ్లీష్, ప్లీజ్.”

చొక్కా ఎక్కడుందని అడిగినా అదే జవాబు. గుండీ ఊడిందన్నా అదే. పనిలో అలవాటైన ‘డోర్ ఓపెన్’, ‘ఓవర్‌లోడ్’, ‘అవుట్ ఆఫ్ సర్వీస్’ అతనికి ధారాళంగా వచ్చు. ఆ మూడింటితో సంసారం నడవదని తెలియడానికి ఒక పూట చాలింది. పంతానికి ఇంకో రోజు లాగాడు.

గురువారం సాయంత్రం భోజనాల దగ్గర అతని ముఖం వెలిగిపోతోంది. ఆ రోజు పెద్ద సారు టోపీ లిఫ్టు తలుపుల మధ్య ఇరుక్కుని, సారు లేకుండానే తొమ్మిదో అంతస్తుకు వెళ్లొచ్చింది.

“టుడే... సార్... హ్యాట్...” మొదలుపెట్టాడు. తల్లీకూతుళ్లు మర్యాదగా ఎదురుచూశారు. “హ్యాట్... గో... లిఫ్ట్...”

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అక్కడ ఇంకా ఏమీ లేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకుని కంచంలో వేళ్లు ఆడించాడు.

గోరింక ఆగలేకపోయింది. “అమ్మా, నాన్నని తెలుగులో చెప్పనివ్వవే! నాన్నకి అంతా తెలుసు, చెప్పలేకపోతున్నాడంతే. బళ్లో నాకూ ఇలాగే అవుతుంది.”

అతను మంచినీళ్లు తాగి లేచాడు. టోపీ సంగతి ఆ పూటకు అలాగే ఉండిపోయింది.

శుక్రవారం పొద్దున అతను పనికి సెలవు చెప్పి, ఇస్త్రీ చొక్కా తానే వెతుక్కుని తొడుక్కున్నాడు. ముగ్గురూ బడికి వెళ్లారు. హెడ్‌మిస్ట్రెస్ కొత్త కాగితం అతని ముందుకు జరిపింది.

“ఈ నాలుగు నెలల్లో మీ ఇంటి భాష ఏమైనా మారిందా?” అని ఇంగ్లీషులో అడిగింది.

పరువు దక్కే దారి అది. తల ఊపితే చాలు. భార్య గోడ మీది గడియారం వైపు చూస్తూ నిలబడింది.

“లేదండీ,” అన్నాడు తెలుగులోనే. “మాది ఎప్పుడూ తెలుగే. సిగ్గేసి ఇంగ్లీషని రాశాను.”

ఆమె ఒక్క ముక్క తగ్గించకుండా, ఒక్క ముక్క కలపకుండా ఇంగ్లీషులో చెప్పింది. సిగ్గును కూడా వదల్లేదు.

“నాదే తప్పని కూడా చెప్పు,” అని గొణిగాడు.

“అది నేను చెబితే ఏం బావుంటుందండీ? మీరే చెప్పండి.”

అతను కూతురి వైపు చూశాడు. గొంతు సవరించుకుని, హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగాడు.

“ఐ... రాంగ్ మేడమ్,” అన్నాడు, గుమ్మం బయట ఉన్న గుమాస్తాకు కూడా వినపడేలా. “మై డాటర్... నో రాంగ్. ఐ రాంగ్.”