అద్దం నిండా పిచ్చుక

స్కూలు వ్యాను నడిపే నానమ్మకి ఆ పొద్దున కాలు ఒకచోట నిలవలేదు. రేపు మనవరాలు పిచ్చుక సముద్రం చూడ్డానికి వెళ్తోంది. స్కూలువాళ్ళతో, రెండు రాత్రులు, నానమ్మ లేకుండా! పదమూడేళ్ళు వచ్చినా ఆ పిల్ల ఇల్లూ ఆసుపత్రీ తప్ప ఇంకెక్కడా పడుకుని ఎరగదు. ఇక ఒక్కటే మిగిలింది. ఇవాళ్టి రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ సరే అనాలి. ఆ మాట వచ్చాకే సంచీ సర్దాలని నానమ్మ కచ్చితంగా చెప్పింది. చెప్పిన మనిషే ఎప్పుడో గుట్టుగా సర్దేసి మంచం కిందకి తోసేసిందనేది వేరే సంగతి.

పిచ్చుకది నానమ్మ కిడ్నీ. నాలుగేళ్ళ వయసులో పిల్ల కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. అమ్మదీ సరిపోలేదు, నాన్నదీ సరిపోలేదు. సరిపోయింది నానమ్మది. ఆలోచించుకోవడానికి గడువిస్తామంటే ఆవిడ గడువు సంగతి వదిలేసి, ఎప్పుడు కోస్తారని అడిగింది. తొమ్మిదేళ్ళుగా ఆ కిడ్నీ పిల్ల పొట్టలో పనిచేస్తోంది గానీ పెత్తనం మాత్రం ఇంకా పాత యజమానిదే. నా కిడ్నీకి దాహమేస్తోంది, ఆ సీసా ఖాళీ చెయ్యి అంటుంది. నా కిడ్నీకి ఉప్పు గిట్టదు, ఆ పొట్లం ఇటు పడెయ్యి అంటుంది. రెండు పూటలా మందులు మింగేదాకా కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంటుంది. పిచ్చుక కూడా తక్కువదేం కాదు. లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడల్లా, కిడ్నీ ఇచ్చినవాళ్ళకి లెక్కలు రాకపోతే నేనేం చేసేదంటుంది.

ఈ వేళాకోళం వెనక నానమ్మకి ఒక బెంగ ఉంది. పెట్టిన కిడ్నీ కలకాలం ఉండదని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. బాగా చూసుకుంటే చాలా ఏళ్ళు వస్తుంది, ఆ తర్వాత ఇంకొకటి కావాలి. ఇంకోటి తన దగ్గర ఉంది గానీ దాన్ని ఇవ్వడానికి లేదు. అందుకే ప్రతి పరీక్షకీ ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్తుంది.

పిల్లలందరినీ స్కూల్లో దించేసి, ఖాళీ వ్యానులో ఇద్దరూ ఆసుపత్రి దారి పట్టారు. పిచ్చుక ఎప్పుడూ కూర్చునే వెనక సీటు మధ్యలో కూర్చుని, అలల్లో ఎంతదాకా వెళ్ళాలో, గవ్వలు ఎవరెవరికి తేవాలో ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతోంది.

"తల పక్కకి పెట్టవే. అద్దం నిండా నీ మొహమే, వెనక బండ్లు కనపడి చావట్లేదు" అంది నానమ్మ. ఈ మధ్య వ్యాను ఎక్కినప్పుడల్లా ఇదే గొడవ.

ఆసుపత్రిలో నర్సు బరువు చూసింది, బీపీ చూసింది, రక్తం తీసుకుంది. పక్కనే ఉన్న ఎత్తు కొలిచే స్తంభాన్ని మాత్రం పిచ్చుక చూడనట్టే దాటిపోయింది. దానికీ ఆ స్తంభానికీ పాత పగ. జబ్బు వల్ల ఎదుగుదల ఆగిపోయి, తనకన్నా చిన్నపిల్లలు తనని దాటిపోతుంటే, ఒకసారి దాన్ని పట్టుకుని భోరుమంది. అది చూడలేక నానమ్మే నర్సుని బతిమాలింది, నోటితో చెప్పింది రాసుకో తల్లీ అని. జాలిపడి నర్సు కూడా ఊరుకుంది. అప్పట్నుంచీ అదే అలవాటైపోయింది.

మధ్యాహ్నానికి పిలుపొచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు.

రక్తంలో క్రియాటినిన్ పెరిగిందట. కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే అంకె పోయినేడాది యాభై ఏడు ఉంటే ఇప్పుడు యాభై ఒకటికి దిగిందట. ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదని తరిమేస్తోందేమో చూడాలి, ఇవాళే చేర్చుకుని రేపు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం అంది డాక్టరమ్మ. సముద్రం ఊసు ఎవరూ ఎత్తలేదు. పిచ్చుక ఒడ్డున పెట్టుకోవడానికని కొనుక్కున్న టోపీని మడిచి, ఇంకా మడిచి, జేబులో కుక్కేసుకుంది.

నీళ్ళు తక్కువ తాగించానా, ఏ పూటైనా మందు తప్పిందా అని నానమ్మ తనలో తనే తవ్వుకుంది. ఆఖరికి, ఆ యాభై ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగింది. డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. క్రియాటినిన్ కండల్లోంచి వచ్చే చెత్త. పెద్ద ఒంట్లో ఎక్కువ, చిన్న ఒంట్లో తక్కువ. అందుకే పిల్లల్లో దాన్ని ఎత్తుతో కలిపి లెక్కవేస్తారు.

"మీ పిల్ల నూట ముప్ఫై ఒక్క సెంటీమీటర్లే కదమ్మా. ఆ ఎత్తుకి ఇది ఎక్కువే."

"అంతేనా?" అంది నానమ్మ అయోమయంగా. "పోయినేడాది ఇది నా వ్యాను అద్దంలో కనపడేదే కాదు డాక్టరమ్మా. ఎక్కిందో లేదో అని వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని. ఇప్పుడు అద్దంలో ఇది తప్ప ఇంకేం కనపడట్లేదు."

డాక్టరమ్మ తలెత్తి పిచ్చుకని పైనుంచి కిందిదాకా చూసింది. పిచ్చుక తల దించుకుంది.

"నేనే చెప్పానండీ" అంది సన్నగా. "పోయినేడాది ఎత్తే. మారి ఉండదనుకున్నా."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచింది. నలుగురూ స్తంభం మీదికి దండెత్తినట్టు వెళ్ళారు. పిచ్చుక చెప్పులు విడిచి గోడకి ఆనుకుని నిలబడింది. డాక్టరమ్మ తనే పైపలక దించింది. మొహం దగ్గరగా పెట్టి చూసి, నర్సుని కూడా చూడమంది. నర్సు చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నూట నలభై రెండు.

నడవాలోనే నిలబడి డాక్టరమ్మ ఫోన్లో లెక్క మళ్ళీ కట్టింది. నానమ్మ ఆవిడ వేలి కదలికే చూస్తూ నిలబడింది.

"యాభై ఐదు" అంది డాక్టరమ్మ. "కిడ్నీ ఎక్కడుందో అక్కడే ఉందమ్మా. పెరిగింది మీ పిల్ల."

మూత్రపరీక్షా బాగుంది, రక్తంలో మందూ ఉండాల్సినంతే ఉంది. సూదీ వద్దు, చేరడమూ వద్దు. సముద్రం చూసి తిరిగొచ్చాక ఇంకోసారి రక్తం చూపించాలి, అంతే. ఈసారి నుంచి నోటి లెక్కలు ఒప్పుకోనని డాక్టరమ్మ ముగ్గురినీ కలిపి కోప్పడింది. నేనైనా ఒకసారి నిలబెట్టి చూడాల్సింది అని తననీ కోప్పడుకుంది. నానమ్మకి ఆ తిట్లు కమ్మగా వినిపించాయి. నర్సుని కావలించుకుంది. ఆ ఊపులో స్తంభాన్ని కూడా కావలించుకుంది. పిచ్చుకైతే, ఇంకోసారి కొలవండి, ఇంకొక్కసారి అంటూ దాన్ని వదల్లేదు. వెనక క్యూ పెరిగిపోతోందని నర్సు వాళ్ళని బయటికి గెంటినంత పని చేసింది.

వ్యాను కదిలింది. పిచ్చుక జేబులోంచి టోపీ తీసి ముడతలు సాపు చేసి పెట్టుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు బుద్ధిగా కిటికీ వైపు జరిగింది. అద్దంలో వెనక బండ్లన్నీ శుభ్రంగా కనపడ్డాయి.

"ఎక్కడికే జరుగుతున్నావ్? మధ్యలోకి రా" అంది నానమ్మ.

"వెనక బండ్లు కనపడవుగా నానమ్మా."

"పక్క అద్దాలున్నాయిలే. రా."

పిచ్చుక మళ్ళీ మధ్యలోకి వచ్చి కూర్చుంది. టోపీతో సహా అద్దం నిండిపోయింది. నానమ్మ కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాపి అద్దాన్ని ఇంకొంచెం పైకి తిప్పింది. పిల్ల ఇంకా పెరుగుతుంది కదా.