గొట్టం పక్కన నీటిబొట్టు

మా నర్సు మబ్రూక్ బాబాయ్ రోగుల ఉమ్మిలో నీళ్లు కలుపుతున్నాడని నాకు జనవరి చివర్లో అనుమానం వచ్చింది. అనుమానించడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. కూరగాయల కొట్టువాడు నవ్వితే త్రాసు వైపు చూసే రకం నేను. అయితే ఈసారి కారణాలు కూడా ఉన్నాయి.

ట్యునీషియాలోని స్ఫాక్స్‌లో మా ప్రయోగశాల పని ఇదీ. కరోనాలో డెల్టా రకం సోకినవాళ్ల ఉమ్మిలో వైరస్ ఎంత ఉంది, ఒమిక్రాన్ సోకినవాళ్లలో ఎంత ఉంది, పోల్చి చెప్పాలి. యంత్రం ఎన్ని చుట్లు తిరిగాక వైరస్ దొరికిందో ఆ అంకె రాసుకుంటాం. తక్కువ చుట్లకే దొరికితే వైరస్ ఎక్కువ ఉన్నట్టు, ఒక్కో చుట్టు పెరిగితే సగమైనట్టు. నిరుడు వేసవిలో తీసిన డెల్టా ఉమ్మి సగటున ఇరవైనాలుగుకే దొరికింది. ఈ చలికాలపు ఒమిక్రాన్ ఉమ్మి ముప్పై దాకా పోయింది. అంటే వైరస్ అరవై రెట్లు తక్కువ.

"ఇంకేం నజ్లా, ఒమిక్రాన్ నోట్లో పెద్దగా ఉండదన్నమాట. వ్యాసం రాసి పంపేద్దాం," అన్నారు మా డైరెక్టర్ తిజానీ గారు.

నేను పంపనివ్వలేదు. అవే మనుషుల ముక్కులోంచి తీసినవి ఇరవైరెండుకే దొరుకుతున్నాయి మరి. ముక్కులో కాపురం పెట్టిన వైరస్ నోటి గడప తొక్కదా? అరవై ఒమిక్రాన్ గొట్టాల్లో అంకె బాగా పెరిగినవి ఏరితే నలభైమూడు తేలాయి. ఉమ్మి సేకరించే నర్సు మబ్రూక్. అతని రిజిస్టరు తెప్పించి చూశాను. సరిగ్గా ఆ నలభైమూడు నంబర్ల పక్కనే పెన్సిలుతో చిన్న నీటిబొట్టు బొమ్మ ఉంది. మిగతా పదిహేడింటి పక్కన లేదు.

నా ఒళ్లు మండిపోయింది. ఉమ్మి గొట్టం మీది గీత దాకా రావడం కష్టం, జనానికి నోరు ఊరదు. ఈయన కుళాయి తిప్పి గీత దాకా నింపేస్తున్నాడు, పైగా ఏ గొట్టంలో కలిపాడో మర్చిపోకుండా గుర్తు పెట్టుకుంటున్నాడు! డిసెంబరులో ఒకసారి రిజిస్టరు చంకలో పెట్టుకుని నా గదికి వచ్చాడు కూడా. ఏదో చెప్పబోతుంటే, "బాబాయ్, మీరు గొట్టాలు నింపండి చాలు, ఆలోచించే పని నాకు వదిలేయండి," అని పంపేశాను. తప్పు ఒప్పుకుందామని వచ్చి ధైర్యం చాలక వెళ్లిపోయాడని ఇప్పుడు అనిపించింది.

డైరెక్టర్‌కు ఫిర్యాదు రాసిచ్చాను. గురువారం పదింటికి విచారణ. మబ్రూక్ పదవీ విరమణ ఇంకా మూడు నెలలే. తప్పు రుజువైతే ఉద్యోగమే కాదు, ముప్పైఎనిమిదేళ్ల నౌకరీ మీద వచ్చే పింఛను కూడా పోతుంది. అది తెలిసే రాశాను.

బుధవారం, చేతులు తడిగా ఉండగానే పట్టుకుందామని బయల్దేరాను. అతను కూర్చునే క్లినిక్‌కూ మసీదుకూ మధ్య ఒకటే గోడ. ఎదురుగా ఉన్న లబ్లాబి కొట్లో మాస్కు పైకి లాక్కుని, ఆ శనగల పులుసు గిన్నె ముందు పెట్టుకుని కాపు కాశాను. మధ్యాహ్నం నమాజు అయింది. మబ్రూక్ ఎర్ర టోపీ సర్దుకుంటూ వచ్చి తలుపు తీశాడు, వెనకే జలుబు జనం బారు తీరారు. నేనూ బారు చివర చేరాను.

"ఏమైనా తిన్నావా?" అని అడుగుతున్నాడు మొదటివాణ్ణి.

"లేదు."

"కాఫీ? నీళ్లు తాగావా? సిగరెట్టు?"

"ఏం లేదు."

"అయితే ఉమ్ము, గీత దాకా. నురగ కాదయ్యా, ఉమ్మి! మీ బావమరిదిని తలుచుకో, అదే ఊరుతుంది."

నా కళ్లు అతని చేతుల మీదే ఉన్నాయి. సీసా లేదు, కుళాయి దగ్గరికి వెళ్లలేదు. మూత బిగించాడు, నంబరు రాశాడు, పక్కన పెన్సిలుతో బొట్టు గీశాడు.

"ఆ బొట్టేంటి బాబాయ్?" ఉండబట్టలేక అరిచాను.

మబ్రూక్ తలెత్తాడు. "అరగంట నుంచీ లబ్లాబి చల్లారబెట్టుకుంటూ కూర్చున్నావు డాక్టరమ్మా. వచ్చి అడిగితే అప్పుడే చెప్పేవాణ్ణిగా." తర్వాతి ముసలాయన వైపు తిరిగాడు. "తాతా, నమాజుకు ముందు ఏం చేశావు?"

"వుజూ చేశాను, చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కున్నాను. ఇంకేం చేస్తారు?" ఆయన చొక్కా చేతులు ఇంకా మోచేతుల దాకా మడిచే ఉన్నాయి, గడ్డం తడి ఆరలేదు.

"నోరు?" అన్నాను నేను.

"మూడుసార్లు పుక్కిలించకుండా వుజూ ఏంటి? ఈ అమ్మాయిది ఏ ఊరు?"

బారులో నవ్వులు. నాదీ ఈ ఊరే. ఆ పొద్దున్న నేనూ మూడుసార్లు పుక్కిలించే నమాజు చేశాను, చిన్నప్పటినుంచీ చేస్తున్నట్టే. అందుకే అది నోట్లో నీళ్లు పోసుకోవడమని నాకు తట్టనే లేదు. తాగారా అని అడిగే ఫారం రాసింది నేను. పుక్కిలించారా అని అడగలేదు. తేదీకి గడి పెట్టాను, వేళకు పెట్టలేదు. వేసవిలో ఉమ్మి పొద్దున ఎనిమిదింటికి తీసేవాళ్లు. ఈ చలికాలం జనం నమాజు కాగానే వస్తున్నారు, వైరస్‌ను మసీదు కుళాయి దగ్గరే కడిగేసుకుని.

"మరి చెప్పలేదేం?" అన్నాను. అడిగాక సిగ్గేసింది.

"చెప్పడానికే వచ్చాను కదమ్మా. గొట్టాలు నింపమన్నావు. నింపాను. ఫారంలో చోటు లేదు, అందుకని బొట్టు పెట్టాను." జేబులోంచి మడత కాగితం తీశాడు. "రేపు పదింటికి రమ్మన్నారు. నీళ్లు కలుపుతున్నానని ఎవరో రాశారట. నీకేమైనా తెలుసా?"

"నేనే రాశాను బాబాయ్."

తిట్టి ఉంటే బాగుండేది. అతను కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని, "గీత దాకా, తాతా," అన్నాడు.

మర్నాడు పదింటికి డైరెక్టర్ గదిలో రిజిస్టరు తెరిచి, నలభైమూడు బొట్లూ ఒక్కొక్కటిగా చూపించాను. తిజానీ గారు కళ్లజోడు తీశారు.

"ఇంతకీ నీళ్లు కలిపిందెవరు?"

"నేనే," అన్నాను. పక్క కుర్చీలో మబ్రూక్ నా వైపు చూడలేదు. నా పాత ఫారం ముందు పెట్టుకుని, తేదీ పక్కన పెన్సిలుతో ఒక కొత్త గడి గీస్తున్నాడు.