పై గదిలో అత్తయ్య డ్రమ్స్

నేను బేకరీలో రాత్రి షిఫ్టు మనిషిని. ఊరంతా నిద్ర లేచే వేళకి చేతుల పిండి కడుక్కుని ఇంటికొచ్చి పడుకుంటాను. నిద్ర సుఖమెరగదని ఎవరన్నారో గానీ, నా నిద్ర మాత్రం మహా గారాబంది. దానికి మందపాటి పరదా కావాలి, మెత్తటి దిండు కావాలి, ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు. అలాంటి నా నిద్ర నెత్తిన మా అత్తయ్య డ్రమ్స్ వాయించడం మొదలుపెట్టింది.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద నేనూ మా ఆయనా, పైన అత్తయ్యా మామయ్యగారూ ఉంటాం. మామయ్యగారికి ఒక చిన్న బ్యాండు ఉంది. ఆయన గిటారు వాయిస్తూ పాడతారు, ఒకాయన కీబోర్డు, మరొకాయన డ్రమ్స్. ప్రతి శనివారం సాయంత్రం క్లబ్బు హాల్లో వాయిస్తారు, జనం డాన్సు చేస్తారు. రిహార్సల్స్ మాత్రం మా పై గదిలో. రిహార్సల్‌కి టీ పెట్టి అందించడం ముప్పై ఏళ్లుగా అత్తయ్య పని.

డ్రమ్స్ ఆయనకి వేరే ఊళ్లో ఉద్యోగం దొరికింది. డ్రమ్స్ బ్యాండువే కాబట్టి అవి పై గదిలోనే ఉండిపోయాయి. ఆయన చివరి రిహార్సల్ రోజున అత్తయ్య టీ ట్రే చేత్తో పట్టుకునే, "ఆ డ్రమ్స్ నేను నేర్చుకుంటాను" అంది.

మామయ్యగారు నవ్వారు. ఆయన నవ్వితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. "ఈ వయసులో నీకెందుకే ఈ గోల? మెట్లెక్కితేనే మోకాళ్లు పట్టుకుంటావు" అన్నారు.

"ఇన్నేళ్లూ మీరంతా వాయిస్తుంటే గోడవార నిలబడి చూశాను. నా కళ్లెప్పుడూ ఆ వెనక కుర్చీ మీదే ఉండేవి. ఒక్క అవకాశం ఇచ్చి చూడండి" అంది అత్తయ్య. ఆవిడ నవ్వలేదు.

మామయ్యగారు షరతు పెట్టారు. నెలన్నర గడువు. ఒక పాట మొదట్నుంచి చివరిదాకా వేగం మారకుండా వాయిస్తే కుర్చీ ఆవిడది. లేకపోతే ఆయనెరిగిన మరొకాయన్ని పిలుస్తారు, ఇక ఈ ఊసు ఇంట్లో ఎత్తకూడదు.

వెళ్లిపోతున్న డ్రమ్స్ ఆయన ఒక సాయంత్రం కూర్చుని అత్తయ్యకి మొదటి పాఠం చెప్పాడు. "స్టిక్‌ని పిసికెయ్యకండి వదినా. వదులుగా పట్టుకుంటే తగిలి దానంతటదే లేస్తుంది. అయినా చేతులు తర్వాత, ముందు కాలు. కుడికాలి కింద ఈ పెడల్ ఉందే, ఇది నొక్కితే ఈ పెద్ద డ్రమ్ము మోగుతుంది. జనం డాన్సు చేసేది దీన్నిబట్టే. మీకు నవ్వొచ్చినా తుమ్మొచ్చినా ఇది ఆగకూడదు."

అత్తయ్యది మంచి మనసు. కోడలి నిద్ర చెడకూడదని అన్ని డ్రమ్ముల మీదా మందపాటి రబ్బరు బిళ్లలు పరిచింది, పెద్ద డ్రమ్ములో దుప్పటి కుక్కింది, కిటికీలు మూసింది. ఇన్ని చేశాక నిశ్చింతగా కూర్చుని కాలు ఆడించింది. ధబ్. ధబ్. ధబ్. నా పడక సరిగ్గా ఆ కాలి కిందే ఉంది.

నేను జుట్టు విరబోసుకుని పైకి పరుగెత్తాను. "ఏమిటీ చప్పుడు అత్తయ్యా?"

"చప్పుడేదమ్మాయ్? నాకే సరిగ్గా వినపడ్డం లేదు" అంది అమాయకంగా.

నేను ఊరుకోలేదు. ముక్కు మీద కోపం మనిషిని కదా. ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి తెచ్చి నా పడక మీద పడుకోబెట్టాను. మా ఆయన్ని పైకి పంపి పెడల్ తొక్కమన్నాను. ధబ్ మంది. అత్తయ్య నోరు తెరిచింది.

"అయ్యో! చేతులు వినపడ్డం లేదు గానీ నా కాలు ఇంత చక్కగా దిగుతోందా!" ఇక్కడ నాకు క్షమాపణ రావాలి. రాలేదు. ఆవిడ చెవులు రిక్కించి, "వీడు సమానంగా వేస్తున్నాడా?" అని అడిగింది.

"లేదు, కుంటుతున్నాడు."

"మరి నేనో?"

"మీరు మొదట బాగానే వేస్తారు. పోనుపోను బస్సు వెళ్లిపోతున్నట్టు పరుగెడతారు."

అత్తయ్య లేచి కూర్చుంది. పైన ఆవిడకి చేతుల టకటకలు, లెక్కలు, ఆయాసం అన్నీ కలిసి వినిపిస్తాయి. నా దాకా వచ్చేది ఉత్త కాలు. తప్పెక్కడో నాకే ముందు తెలుస్తుంది. ఇద్దరం ఒప్పందానికొచ్చాం. నేను బేకరీ నుంచి రాగానే ఆవిడ ఒక అరగంట వాయిస్తుంది. నేను పొడుగు కర్ర చీపురు పట్టుకుని పడుకుంటాను. వేగం పెరిగితే దాని పిడితో సీలింగుని పొడుస్తాను. ఆ తర్వాత నేను లేచేదాకా ఇల్లు నిశ్శబ్దం.

మొదట్లో కాలు ఒక్కటే. పైకి వినపడేలా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ వేసేది. అది కుదిరాక కుడిచేత్తో సింబల్, అంటే ఆ ఇత్తడి పళ్లెం, కలిపింది. తర్వాత రెండో లెక్కకీ నాలుగో లెక్కకీ ఎడమచేత్తో చిన్న డ్రమ్ము. అక్కడ వచ్చింది చిక్కు. ఎడమచెయ్యి లేస్తే కాలు కూడా నేనొస్తానని లేచేది. అప్పుడు ఆవిడ ఆపి, వేగం ఇంకా తగ్గించి, మళ్లీ మొదలుపెట్టేది.

"అంత నెమ్మదిగా వాయిస్తే పాట నిద్రపోతుంది అత్తయ్యా" అన్నాను.

"పోనీలే, నీకు తోడుంటుంది" అంది.

ఇల్లంతా ఆవిడకి బడి అయిపోయింది. చెల్లెలితో ఫోన్లో గొడవపడుతుంటే బల్ల కింద కాలు ఏ గొడవా లేకుండా ఆడుతుండేది. ఆవిడ కూరగాయలు తరుగుతుంటే మా ఆయన డాన్సు చేస్తూ వంటింట్లోకి వచ్చేవాడు. నాకు నవ్వొచ్చేది గానీ, లోపల మాత్రం ఆశ్చర్యంగా ఉండేది. ఈ వయసులో ఒక్కో అవయవానికీ విడివిడిగా బుద్ధి చెప్పుకుంటోంది ఈ మనిషి.

చివరి చిక్కు పాట మలుపుల్లో వచ్చింది. అక్కడ చేతులు డ్రమ్ములన్నిటినీ ఒక చుట్టు చుట్టి రావాలి. వచ్చేశానన్న సంబరంలో ఆవిడ ప్రతిసారీ పరుగందుకునేది. నేను పొడిచేదాన్ని. పొడిచి పొడిచి సీలింగు సున్నం నా దిండు మీద రాలింది. ఒకరోజు అత్తయ్య కిందికొచ్చి నా పడక చివర కూర్చుని కళ్లు ఒత్తుకుంది.

"నా వల్ల కాదేమో అమ్మాయ్. ఆయన నవ్విందే నిజమేమో."

ఓదార్చడం నాకు రాదు, కసరడమే వచ్చు. "రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా? చేతులు ఊరంతా తిరిగొస్తే రానివ్వండి. కాలు ఎక్కడికీ పోలేదుగా, అక్కడే ఉందిగా! చేతులు తిరుగుతున్నప్పుడు కూడా లెక్క ఆపకండి" అన్నాను.

నిజమే, ఆవిడ చేతులు చుట్టు తిరిగేటప్పుడు లెక్కపెట్టడం మానేస్తోంది. మర్నాటి నుంచి అక్కడ కూడా గొంతెత్తి లెక్కపెట్టింది. కొన్నాళ్లకి ఒకరోజు నాకు మెలకువ వచ్చి చూస్తే మధ్యాహ్నమైంది, చీపురు నా పక్కనే పడుకుని ఉంది. ఆవిడ వాయిస్తుండగానే నిద్రపోయానన్నమాట! పొడవాల్సిన అవసరమే రాలేదు. పరుగున పైకెళ్లి చెప్పాను. అత్తయ్య నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఆ రోజు ఆవిణ్ణి చూస్తే నాకు నిజంగా గర్వమనిపించింది.

పరీక్ష రోజు వచ్చింది. కీబోర్డు ఆయనా, నేనూ, మా ఆయనా గదిలో ఉన్నాం. రబ్బరు బిళ్లలు తీసేశారు. మామయ్యగారు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క చెప్పి పాట అందుకున్నారు. మొదటి చరణం హాయిగా సాగింది. పల్లవికి తిరిగొచ్చేసరికి ఆయనకి ఊపొచ్చింది, గొంతు లేచింది, గిటారు మీద చెయ్యి పరుగందుకుంది. పాత డ్రమ్స్ ఆయనైతే ఏ ఎండకా గొడుగు పట్టి వెంట పరుగెత్తేవాడు. అత్తయ్య పరుగెత్తలేదు. పాట రెండు ముక్కలైంది. మామయ్యగారు ఆపేశారు.

"చూశావా, వెనకబడ్డావు. నేను చెబుతూనే ఉన్నాను" అన్నారు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. నేను నోరు తెరవబోయాను. ఈలోగా అత్తయ్యే అంది, "నేను వెనకబడలేదండీ. మీరు ముందుకెళ్లిపోయారు."

మామయ్యగారు కీబోర్డు ఆయన వైపు చూశారు. ఆయన కీబోర్డు వంకే చూస్తూ, "వదిన అన్నది నిజమే అన్నయ్యా. మేమెప్పుడూ నీ వెనకాల పరుగెత్తేవాళ్లం, అంతే" అన్నాడు.

మామయ్యగారి మొహం ఎర్రబడింది. "మళ్లీ" అన్నారు.

మళ్లీ మొదలుపెట్టారు. పల్లవి దగ్గర ఆయన మళ్లీ లాగారు. అత్తయ్య బెదరలేదు, బిగుసుకుపోనూ లేదు. ఆయన మొహంలోకి చూస్తూ తన పాటికి తను వాయించింది. ఆ కాలు నా ఒంటికి తెలుసు, ఆవగింజంతైనా అటూ ఇటూ కాలేదు. అప్పుడు మామయ్యగారు విన్నారు. ఒక మాటని గొంతులోనే సాగదీసి, ఆవిడ కాలు వచ్చేదాకా ఆగి, దానితో కలిసి దిగారు. అక్కణ్ణుంచి పాట ఎంత బాగుందంటే, కీబోర్డు ఆయన కళ్లు మూసుకుని వాయించాడు.

పాట అయ్యాక మామయ్యగారు గిటారు తీగలు ఒక్కొక్కటే తుడిచారు. నాకు భయం వేసింది. అత్తయ్య స్టిక్స్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"శనివారం దీనితోనే మొదలుపెడదాం" అన్నారాయన చివరికి. "ఇంకోసారి చూద్దాం. ఈసారి లెక్క నువ్వు చెప్పు."

ఆ బ్యాండులో అప్పటిదాకా ఆయన తప్ప ఎవరూ లెక్క చెప్పలేదు. అత్తయ్య స్టిక్స్ ఎత్తింది. మామయ్యగారు గిటారు పట్టుకుని ఆవిడ వైపు తిరిగి ఎదురుచూశారు. ఆవిడ ఏమీ తొందరపడలేదు.