బ్రహ్మస్థానంలో గుంట

నా భార్య లీల పోయిన ఐదో నెలలో హరిణి ఫోన్ చేసింది. శ్రీనగర్ కాలనీ బడిలో మా ఇద్దరి దగ్గరా చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ పై అంతస్తులో కంప్యూటర్ ఆటలు తయారుచేస్తోంది. ఫొటో ఇస్తే దాన్ని యుద్ధభూమిగా మారుస్తుందట. ఫొటోలో తెలుపు ఎత్తు, నలుపు లోతు.

"టీచర్‌గారి ఫొటో ఇవ్వండి మాష్టారూ. ఆ నేలకి ఆవిడ పేరే పెడదాం," అంది.

ఇచ్చాను. నుదురు పీఠభూమి అయింది. కళ్ళు రెండు లోయలు. పటానికి సరిగ్గా నడుమ, బొట్టు ఉన్నచోట, గుండ్రని గుంట.

ఆట ముహూర్తానికి నన్నూ పిలిచారు. కంపెనీ యజమాని కమలాకర్ వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చాడు. కమలాకర్ అంతకుముందు సినిమాలు తీసినవాడు. సెట్లో మేకు కొట్టాలన్నా ఈ సిద్ధాంతి సత్యనారాయణమూర్తిగారు చూడాల్సిందే.

సిద్ధాంతిగారు తెర పక్కన దిక్సూచి పెట్టి చూశారు.

"నట్టనడుమ, బ్రహ్మస్థానంలో, గొయ్యేంటండీ? ఇక్కడ కోట కడితే రాజు బతకడు."

"ఆటలో రాజు ఎలాగూ చస్తాడండీ," అంది హరిణి.

"నువ్వు జర ఊకో అమ్మా," అన్నాడు కమలాకర్. "పోయిన సినిమాకు గిట్లనే నవ్విన్రు. ఏమైంది? రెండో రోజే థియేటర్లు ఖాళీ. పూడ్చెయ్."

హరిణి మౌస్ పట్టుకుని నా వైపు చూసింది.

"పూడ్చవద్దు," అన్నాను. "అది మా ఆవిడ బొట్టు. బొట్టుతోనే వెళ్ళిపోయింది. ఇప్పుడు మనం తుడవకూడదు."

కింద థియేటర్లో ఎవరో ఒకే కేకను మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు.

సిద్ధాంతిగారు కళ్ళజోడు తీశారు. "ముత్తయిదువ బొట్టు చెరపమని నేను చెప్పలేనండీ. గుంటను ఈశాన్యానికి జరపండి. అక్కడ నీళ్ళుంటే శుభం."

జరిపితే ముఖమంతా దానితోపాటే జరిగింది. లీల ఎడమకన్ను పటం అంచు దాటిపోయింది.

"ఒక్క కన్నే మిగుల్తది సార్. పర్వాలేదా?" అన్నాడు కమలాకర్.

తెర మీద మిగిలిన కన్ను వైపు చూశాను. "బొట్టు ఉంటే చాలు," అన్నాను.

గుంటలో నీళ్ళు నింపారు. కొబ్బరికాయ కొట్టి ఆట మొదలుపెట్టారు. కమలాకర్ సైనికులు నలభైమంది చెంప ఎక్కి, ముక్కు దాటి, నుదుటి మీదుగా నీళ్ళవైపు నడిచారు.

"ఆపండాపండి!" సిద్ధాంతిగారు లేచి నిలబడ్డారు. "చెప్పులతోనా?"

"బొమ్మలండీ అవి. చెప్పులతోనే పుట్టాయి," అంది హరిణి.

"అయితే ఏంది? అయ్యగారు చెప్పిన్రు గద," అన్నాడు కమలాకర్. "విప్పించు."

"నలభైమంది కాళ్ళూ మళ్ళీ గీయాలి సార్. రెండు రోజులు పడుతుంది. మరి ముహూర్తం?"

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఆగుదాం," అన్నాను.

సిద్ధాంతిగారు పంచాంగం తెరిచారు.