బట్టీ ముందు రెండు గుంటలు

పాత మేడ కింది భాగాన్ని కళ్ళజోళ్ళ షాపుగా మార్చే పని మేస్త్రీకి వచ్చింది. మూడోరోజు పొద్దున వెనకగోడ మీద సుత్తి వేస్తే డొల్లచప్పుడు వినిపించింది. నాలుగు ఇటుకలు ఊడదీసి టార్చి వేశాడు. లోపల మసిబారిన కమాను, దాని కింద ఇనుప తలుపు, తలుపుకి అర్ధచంద్రం లాంటి పిడి.

ఆయన టార్చి వెలుగు ఆ పిడి మీదే నిలిపాడు. అచ్చం అలాంటి మచ్చే భార్య ఎడమ ముంజేతి మీద ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నాడు. "నాన్న వద్దు వద్దంటున్నా బట్టీ తలుపు తీయబోయాను. చర్మం దానికే అంటుకుపోయింది" అని ఆవిడ వందసార్లు చెప్పి ఉంటుంది. ఆవిడ పుట్టింటివాళ్ళది రొట్టెల కొట్టు. ఫ్యాక్టరీ బ్రెడ్డు వీధివీధికీ రావడంతో మూతపడింది. అప్పటికి ఆవిడకి పన్నెండేళ్ళు. తర్వాత వీధి పేర్లు మారాయి, ఇళ్ళ నంబర్లు మారాయి, చుట్టూ మేడలు లేచాయి. పెద్దయ్యాక రెండుమూడుసార్లు వెతుక్కుంటూ వచ్చి, ఆనవాలు పట్టలేక కాళ్ళీడ్చుకుంటూ తిరిగెళ్ళింది.

మేస్త్రీ ఫోన్ చేశాడు.

"ఏమే, ఎక్కడి పని అక్కడ వదిలేసి రా. మీ నాన్న బట్టీ దొరికింది."

"పొద్దున్నే వేళాకోళమా?"

"ఒట్టు. నీ చేతి మచ్చ ఇక్కడ తలుపుకుంది."

ఆవిడ వచ్చేలోపు మొత్తం కనబడాలన్న ఆత్రంతో ఆయన గోడంతా దించేశాడు. ఒక్కమాట ఎవరినైనా అడిగి ఉండాల్సింది. అడగలేదు.

ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆటో దిగింది. తలుపు దగ్గరికి వెళ్తుందనుకున్నాడు. వెళ్ళలేదు, నేలకేసి చూసింది. బట్టీ ముందు రాతిపలక మీద పక్కపక్కనే రెండు గుంటలు.

"ఇక్కడే నిలబడేవాడు" అంది. "తెల్లారుజాము నుంచీ ఇక్కడే. పాదాలకి రాయి అరిగిపోయింది చూడండి."

చెప్పులు విడిచి గుంటల్లో కాళ్ళు పెట్టింది. చుట్టూ ఇంకా బోలెడు చోటు మిగిలింది. అది చూసి పకపకా నవ్వింది. పొడుగాటి కర్ర పట్టుకున్నట్టు చేతులు చాపి, వంగి, రొట్టెలు లోపలికి తోసి, వెనక్కి లాగి చూపించింది. ఆమె అలా నవ్వడం మేస్త్రీ చూసి చాలా కాలమైంది.

అప్పుడే పైనుంచి జలజలా సున్నం రాలింది.

కబురందుకుని, షాపు పని చూసే ఇంజనీరమ్మాయి పరుగున వచ్చింది. తలెత్తి చూసి, కమాను మీద చెయ్యి వేసి, ముఖం మాడ్చుకుంది.

"పై దూలం సగం బరువు ఆ గోడే మోసేది మేస్త్రీగారూ. ఎందుకు తీశారు?"

ఆయన సుత్తి పక్కన పెట్టాడు.

"బట్టీని ఇవాళే కాంక్రీటుతో నింపెయ్యాలి. దాని ముందు నేల మీద కూడా అడుగున్నర మేర. పైన బాలింత ఉంది, రేపటిదాకా ఆగలేం."

ఆమె వెంటే వచ్చిన షాపాయన మంచివాడే. "తలుపైనా తీసుకెళ్ళండమ్మా" అన్నాడు. ఇంజనీరమ్మాయి అడ్డంగా తల ఊపింది. కమాను ఇప్పుడు తలుపు చట్రం మీదే నిలబడి ఉంది. దాన్ని కదిపితే అంతా కూలుతుంది.

"పోనీ ఈ రాయి?" అని ఆవిడ మొగుడికేసి చూసింది. "మీ చేతిలో పనేగా?"

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సన్న ఉలి తీసుకుని, పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టాడు. ఏళ్ళ తరబడి వేడికి లోపల్లోపలే పొడిబారిన రాయి అది. మూడో దెబ్బకి ఒక గుంట అటుకుల్లా పొరలుపొరలుగా విచ్చుకుపోయింది. ఆయన ఉలి వెనక్కి తీసుకున్నాడు. ఇన్నేళ్ళ పనితనం దేనికీ అక్కరకు రాలేదు.

"ఆపండి. ఆ రెండోదాన్నైనా ఉన్నదున్నట్టు ఉండనివ్వండి."

"ఉండదే. దాని మీద కూడా కాంక్రీటు పడుతుంది."

"తెలుసు. పగలకుండా పడనివ్వండి."

కూలివాళ్ళు కాంక్రీటు మాలు కలిపి తట్టలు ఎత్తారు. ఆవిడ వాళ్ళకి అడ్డం వచ్చింది. మేస్త్రీతో మెల్లిగా, "మీరే పొయ్యండి. పరాయి చేతులు వద్దు" అంది.

ఆయనే పోశాడు. బట్టీ చాలా లోతు, ఎంత పోసినా తాగేస్తూనే ఉంది. మధ్యాహ్నం దాటాక కమాను అంచుదాకా నిండింది. చివరగా నేల మీద తాపీతో సాపు చేస్తుంటే ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి చూసింది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒక మాట అనేవాడు. ఆ వీలు కూడా లేకపోయింది. "నేనే తొందరపడ్డాను" అన్నాడు ఆటోలో. ఆవిడ కొంగు ముంజేతి మచ్చ మీదికి లాక్కుంది.

నెలలోపు షాపు తెరిచారు. షాపాయన జాలిపడి ఇద్దరికీ ఉచితంగా కళ్ళజోళ్ళు చేసిస్తానని కబురు పెట్టాడు. ఆవిడకి దగ్గరచూపు ఆనడం లేదు, సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పడుతోంది. అయినా బస్సెక్కి ఎక్కడో ఊరిచివర ఇంకో షాపుకి వెళ్ళి చేయించుకొచ్చింది. ఎందుకంత దూరం వెళ్ళావని మేస్త్రీ అడగలేదు.