మునక్కాడలతో తిరిగొచ్చిన జాజ్

మా ఊళ్లో ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి రాదు. పప్పు పంపిన గిన్నెలో పాయసమో, పులిహోర పంపిన డబ్బాలో నాలుగు నిమ్మకాయలో వేసి ఇస్తారు. పెనుగొండలో ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు. ఈ మర్యాద గ్రామఫోను రికార్డులకి కూడా వర్తిస్తుందని మాత్రం నాకు మా ఆయన వల్లే తెలిసింది.

మా ఆయన హరిబాబు గారు కలకత్తా పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. అక్కడికి వెళ్లిన ఆడవాళ్లం మేం రసగుల్లా చెయ్యడం నేర్చుకుంటే, ఈయన జాజ్ నేర్చుకున్నారు. అమెరికా నల్లజాతి వాళ్లు పుట్టించిన సంగీతమట. అందరూ కలిసి పాట మొదలుపెడతారు, మధ్యలో ఎవరికి తోచిన దారిన వాళ్లు పోతారు, చివరికి మళ్లీ అందరూ ఒకే ఇంటికి చేరతారు. ఆ రికార్డుల్ని పేవ్‌మెంటు మీద ఏరి ఏరి తెచ్చారు. ఇప్పుడవి బీరువాలో ఉంటాయి, నా పట్టుచీరలు బీరువా పైన అట్టపెట్టెలో ఉంటాయి. తాను మునిగింది గంగ, తాను వలచింది రంభ అని నేనూ ఊరుకున్నాను.

ఈ రికార్డుల్లో రెండు రకాలు. ఆ రోజుల్లో మొదటిసారి వేసింది ఒరిజినల్. అరవై ఏళ్ల తరవాత కంపెనీవాళ్లు అదే పాటల్ని, అదే అట్టతో మళ్లీ వేస్తే అది రీఇష్యూ. ఒరిజినల్ ఆవునెయ్యి, రీఇష్యూ డాల్డా అని మా ఆయన లెక్క.

ఈయనకి తను వినడం కంటే పక్కవాళ్ల చేత వినిపించడం ఇష్టం. ఇంటికి ఎవరొచ్చినా నేను కాఫీ కలిపేలోపు వాళ్ల చేతిలో ఒక రికార్డు పడుతుంది. హోమియోపతి డాక్టరుగారి మాత్రల్లాగా మనిషిని బట్టి ఇస్తారు. నిద్రపట్టని వాళ్లకి ఒకటి, కోడలితో పడని వాళ్లకి ఒకటి. మా గోదావరి వాళ్లకి విస్తట్లో వడ్డించినదాన్ని వద్దనే అలవాటు లేదు. తీసుకునేవారు.

ఒరిజినల్స్ గడప దాటించరు. అందుకని ఇవ్వడానికే ఈ ఏడాది రీఇష్యూలు తెప్పించడం మొదలుపెట్టారు. అవి పల్చటి ప్లాస్టిక్ చుట్టి, సీలు వేసి వస్తాయి. ఆ సీలు విప్పే సంతోషం వినేవాళ్లకే దక్కాలని విప్పకుండా ఇస్తారు.

వారం తిరక్కుండా అన్నీ తిరిగొచ్చేవి, ఏదీ ఖాళీగా రాలేదు. పక్కవీధిలో జాకెట్లు కుట్టే లోవలక్ష్మి మునక్కాడల కట్టతో తెచ్చింది. పోస్టుమాస్టరు గారు దబ్బకాయలతో తెచ్చారు. ఆత్రేయపురం చుట్టాలున్న ఒకావిడ పూతరేకులతో వచ్చింది. జాజ్ మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

"వీళ్లందరి దగ్గరా రికార్డు ప్లేయర్లు ఉన్నాయంటారా?" అని ఒకసారి అడిగాను.

"లేకపోతే ఎందుకు తీసుకుంటారే?"

"మీరిస్తున్నారు కదా అని."

ఆయన మొహం చిన్నబోయింది. నేను మునక్కాడలు కోసుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఒక బుధవారం రైసుమిల్లు చంద్రరావు గారు వచ్చారు. ఒక చేతిలో చక్కెరకేళి అరటిపళ్ల అత్తం, ఇంకో చేతిలో రికార్డు.

"అబ్బ, ఏం సంగీతమండి బాబూ," అన్నారు కూర్చుంటూనే. "మా ఇంటిల్లిపాదీ విన్నామండి. ముఖ్యంగా ఆ బాకా ఊదినాయన ఉన్నాడు చూడండి, ప్రాణం పెట్టేశాడండి."

మా ఆయన నవ్వుతూ రికార్డు అందుకున్నారు. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. అట్ట మీద ప్లాస్టిక్ చుట్టినది చుట్టినట్టే ఉంది. పైగా అందులో బాకా లేదు. ఒకే ఒక్క మనిషి, ఒకే ఒక్క పియానో.

"అవునండి," అన్నారు మా ఆయన నెమ్మదిగా. "బాకా బాగా ఊదాడు." ఎంతైనా ఈయనదీ గోదావరి జిల్లాయే.

చంద్రరావు గారు వెళ్లాక, అరలో ఉన్న రీఇష్యూలన్నీ తీసి మంచం మీద పరిచారు. వచ్చినవి వచ్చినట్టు అరలో పెట్టేయడమే తప్ప అంతకుముందు చూసుకోలేదు. ఒక్కదాని సీలు కూడా విప్పలేదు. ఒకదాని మీద మునగాకు అంటుకుని ఉంది. ఆయన దాన్ని గోరుతో తీసి, చాలాసేపు చేతిలోనే పట్టుకు కూర్చున్నారు.

"ముప్ఫయ్యేళ్లు పోగేశాను రామలక్ష్మీ," అన్నారు. "ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు వినలేదు."

ఆ రికార్డుల్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో దేవుడికి తెలుసు, కానీ ఆయన్ని అలా చూడలేకపోయాను.

మర్నాడు హైదరాబాదులో పాత రికార్డులు కొనే మనిషికి ఫోన్ చేశారు. ఆదివారం వ్యాను తెచ్చుకుని మొత్తం పట్టుకుపొమ్మన్నారు. అవతలి మనిషి ఒక ఒరిజినల్ గురించి మరీ మరీ అడిగాడు. అట్ట మీద వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డ మనిషి బొమ్మ ఉంటుంది, అదుంటేనే వస్తానన్నాడు.

బీరువా అంతా వెతికాం. అది లేదు. దాని రీఇష్యూ మాత్రం సీలుతో సహా మంచం మీదే ఉంది.

"ఇది ఇక్కడెందుకుంది?" అన్నారు మా ఆయన. "దీన్ని హెలెన్ గారికి ఇచ్చాను కదా. ఆవిడింకా తిరిగివ్వలేదు."

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. రెంటికీ అట్ట ఒకటే. విని బయట పెట్టినదాన్ని సీలు ఉందో లేదో చూసుకోకుండా తీసి, డాల్డా ఇస్తున్నాననుకుని నెయ్యి ఇచ్చేశారు.

హెలెన్ గారు గవర్నమెంటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. లూథరన్ చర్చి వెనక సందులో ఒక్కరే ఉంటారు. రికార్డు తీసుకెళ్లి రెండు నెలలైంది. ఈ ఊళ్లో వారం దాటి ఉంచుకున్న మనిషి ఆవిడొక్కరే. పారేసుకుని ఉంటారు, చెప్పడానికి మొహమాటపడుతున్నారు అనుకుంటూ శనివారం సాయంత్రం బయల్దేరాం.

గేటు తీస్తుండగానే లోపల్నించి సాక్సఫోను వినిపించింది. మా ఆయన చెయ్యి గేటు గొళ్లెం మీదే ఉండిపోయింది.

తలుపు తీసే ఉంది. హాల్లో బల్ల మీద సూట్‌కేసు లాంటి పాత ప్లేయరు తిరుగుతోంది. హెలెన్ గారు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. మమ్మల్ని చూసి లేవకుండానే, కూర్చోమని చేత్తో చూపించారు. పాట అయ్యేదాకా మాట్లాడొద్దని అర్థం.

మా ఆయన కూర్చోలేదు, ప్లేయరు దగ్గరికి వెళ్లారు. ఆయన చూపు వెంట నేనూ చూశాను. సూది ఉన్న కడ్డీ మీద రెండు రూపాయల బిళ్ల పెట్టి, గాయాలకి వేసే ప్లాస్టరుతో అంటించి ఉంది. ఆ బరువుకి సూది రికార్డుని నాగలిలా దున్నుకుంటూ పోతోంది. ఇంట్లో ఇదే రికార్డుని మా ఆయన నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇప్పుడాయన చెయ్యి ముందుకి సాగి, గాల్లో కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేసింది. వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

పాట అయ్యాక హెలెన్ గారు సూది ఎత్తారు.

"బిళ్ల పెట్టకపోతే ఎగురుతుందండి," అన్నారు. "మా చర్చి మిషనరీ దొరసాని గారు వెళ్లిపోతూ ఇచ్చిన ప్లేయరిది. ఇన్నాళ్లూ క్రిస్మస్ పాటలకే వాడాను. రికార్డు మీద దుమ్ముంటే కుంకుడు రసంతో కడిగానండి. నీడలోనే ఆరబెట్టాను లెండి."

మా ఆయన అట్ట చేతిలోకి తీసుకున్నారు. "ఎలా ఉందండి, రికార్డు?" అని అడిగారు. ఆ అడగడంలో ఇదివరకటి ధీమా లేదు.

"మొదటి వైపు నాకు నచ్చలేదండి."

నేను ఉలిక్కిపడ్డాను. పెనుగొండలో ఒకరింటి వస్తువుని మొహం మీద నచ్చలేదనడం నేనెప్పుడూ వినలేదు.

"ఆ డ్రమ్ములాయన ఉన్నాడు చూశారా, పక్కవాళ్లని మాట్లాడనివ్వడు. వార్డులో ఇలాంటి పేషెంటు ఒకడుంటే మిగతా వాళ్లకి నిద్రుండదండి."

"అది కాదండి," అన్నారు మా ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని. "ఆయన తోస్తేనే కదండీ మిగతా వాళ్లు కదిలేది."

"తొయ్యమనండి, మీద పడిపొమ్మన్నారా ఎవరైనా?"

మా ఆయన మొహం వెలిగిపోతోంది. పెళ్లయిన ముప్ఫయ్యారేళ్లలో ఆయన్ని ఎవరైనా ఎదిరిస్తుంటే ఇంత సంతోషపడటం నేను చూడలేదు.

"రెండో వైపు చివరిది మాత్రం బాగుందండి," అన్నారు హెలెన్ గారు గొంతు తగ్గించి. "అందులో సాక్సఫోను ఆయన ఊదుతూ ఊదుతూ ఒకచోట ఆగిపోతాడు. ఆయాసంతో కాదండి. ఆయాసం నాకు తెలుసు, జీవితమంతా చూసిందదే. కావాలని ఆగాడు. ఏదో చెప్పబోయి, వద్దులే అనుకున్నట్టు. రోజూ అక్కడికొచ్చేసరికి చేతిలో పని ఆపేస్తానండి."

"నేను ఆ రికార్డు కొన్నదే అక్కడ ఆగినందుకండి," అన్నారు మా ఆయన.

ఎవరో ఒకరు అడగాలి కదా అని నేనే అడిగాను. "హెలెన్ గారూ, ఆ రికార్డు తీసుకెళ్దామని వచ్చామండి."

"ఇప్పుడు ఇవ్వలేనండి," అన్నారావిడ, మామూలుగా. "ఇంకా అవ్వలేదు."

"ఉంచండి," అన్నారు మా ఆయన వెంటనే. "ఎన్నాళ్లైనా ఉంచండి. రేపు నేనొచ్చి కొత్త సూది వేస్తాను. ఆ బిళ్ల మాత్రం తీసేద్దాం."

"ఎగిరితే మీదే పూచీ అండి."

"నాదేనండి."

చర్చి ముందు ఆగి, ఆయన హైదరాబాదుకి ఫోన్ చేసి, రావద్దని చెప్పేశారు. ఫోను జేబులో పెట్టుకుని నా వైపు తిరిగారు.

"చూశావా, మన చేతిలో ఏమీ పెట్టలేదు."

"చూశాను. గేటు పక్కన ఆనపపాదుకి నాలుగు కాయలున్నాయి కూడా."

"ఒక్కటీ ఇవ్వలేదు," అన్నారు ఎంతో గర్వంగా.

ఇంటికి రాగానే గొడుగు మనిషి రీఇష్యూ తీసి, సీలు ఆయనే చింపారు. డాల్డా అన్న నోటితోనే "పర్లేదు, బానే వేశారు," అంటూ ప్లేయరు మీద పెట్టారు. నేను ఎదురుగా కూర్చున్నాను. మొదటి వైపు అయిపోగానే ఎప్పటిలాగే "ఎలా ఉంది?" అని అడిగారు. ముప్ఫయ్యారేళ్లుగా దానికి నా దగ్గర ఒకటే జవాబు, బాగుందండి అని.

"ఆ డ్రమ్ములాయన మరీ మీద పడిపోతున్నాడండి," అన్నాను.

ఆయన కుర్చీ నా ఎదురుగా తిప్పుకుని, పంచె సర్దుకుని, "అది కాదే, నువ్వు ముందు నేను చెప్పేది విను," అంటూ మొదలుపెట్టారు. నేను వినలేదు, ఎదురు చెప్పాను. ఆ పూట ఇంట్లో కూరకి ఏమీ లేదు. ఆవకాయ వేసుకుని, పోట్లాడుకుంటూ తిన్నాం.