రెండో కాపీ

“మా పేర్లు మింగేసి మమ్మల్నే రాలేదంటారా! సిగ్గుందా మీకు?”

అంకమ్మ గొంతుకి ఒంగోలు పంటల బీమా ఆఫీసు హాలంతా మోగింది. ఆమె వెనక పర్చూరు వైపు కౌలు రైతులు. తామర పురుగు తగిలి మిరపతోటలు మాడిపోయినవాళ్లు. గోడ మీద కొత్త నోటీసు: గడువులోగా నమోదు చేసుకోనివారికి బీమా వర్తించదు.

“ఏమ్మా, కంప్యూటర్లో పేరు లేకపోతే నేనేం చేసేది?” అన్నాడు మేనేజరు నాగేంద్రబాబు.

“నమోదుకొచ్చి వేలు పెట్టానయ్యా! కాయ కోసి కోసి గీతలరిగిన వేలు. మిషను పట్టుకోకపోతే, కొబ్బరినూనె రాసి తుడిచి మళ్లీ పెట్టించిందే మీ ఆఫీసు పిల్ల! పచ్చదీపం వెలిగింది. మీ మిషనుకి మతిమరుపొస్తే మా పేర్లు మేం మర్చిపోవాలా?”

వెనక ఎవరో నవ్వారు. అద్దాల గదిలో అఖిల తల దించుకుంది. ఆ నూనె రాసింది తనే.

మిషనుకి మతిమరుపేం రాలేదు. ఆఫీసులోని పెద్ద కంప్యూటరు డేటాబేసులో ఏ పేరు ఎక్కినా లాగ్‌లో పడుతుంది. లాగ్ అనే ఆ చిట్టా నిండగానే రెండు ఆర్కైవు కాపీలు తీసి దాస్తుంది. డేటాబేసు పాడైతే పాత బ్యాకప్‌కి ఆ కాపీ జోడించి అంతా తిరిగి తెచ్చుకోవచ్చు. అందుకే ఒక కాపీ ఇక్కడి డిస్కు మీద, రెండోది టేపు మీద. ఆ టేపు సాయంత్రం ఆర్టీసీ బస్సు పార్సిల్లో గుంటూరు ఆఫీసుకి పోవాలి.

ఎండన పడి బస్టాండుకి పోవడం, పార్సిల్ కౌంటరు ముందు పడిగాపులు కాయడం ఎవడికిష్టం? అఖిలకీ ఇష్టం లేదు. ఒకరోజు సెట్టింగు మార్చి రెండో కాపీని కూడా, డేటాబేసూ మొదటి కాపీ ఉన్న డిస్కు పెట్టెలోనే పడేలా చేసింది. “రెండు కాపీలు” అన్నచోట “అవును” అలాగే ఉంది. తనిఖీవాళ్లు ఆ అవును చూసి, టీ తాగి పోయారు. “బస్టాండు పీడ వదిలించావమ్మా!” అని నాగేంద్రబాబు మెచ్చుకున్నాడు.

ఏసీ నీళ్లు కారి ఆ పెట్టె తడిసింది. డేటాబేసు పోయింది, రెండు కాపీలూ దాంతోపాటే పోయాయి. మిగిలిన పాత బ్యాకప్‌లో, ఆ తర్వాత వేలు పెట్టినవాళ్లెవరూ లేరు.

నాగేంద్రబాబు గదిలోకొచ్చి గొంతు తగ్గించాడు. “పాత లిస్టే ఫైనలని సంతకం పెట్టెయ్. కాపీల సంగతి వీళ్లకేం తెలుస్తుంది?”

తెలియదనే గదా ఇంత ధైర్యం! అఖిలకి ఒళ్లంతా చీదరేసింది. ఆయన మీద కాదు, తన మీద తనకే. లేచి హాల్లోకెళ్లి నోటీసు పీకేసింది.

“మీరందరూ వచ్చారు. మీ పేర్లు పోగొట్టింది నేను. రెండో కాపీ టేపుని రోజూ గుంటూరు బస్సెక్కించాలి. బస్టాండుకి పోవడానికి బద్ధకించి...” ఏడుపొచ్చేసింది.

“అఖిలా, లోపలికి రా!” నాగేంద్రబాబు అరిచాడు.

“నువ్వుండు సారూ.” అంకమ్మ అఖిల ముందుకొచ్చి నిలబడింది. “ఏడవకమ్మాయ్, నీ ఏడుపు నా చేలో ఎరువుక్కూడా పనికిరాదు. మిషను మోసుకుని మీరే మా ఊళ్లకి రండి. ప్రతి వేలూ మళ్లీ పెట్టించుకోండి. తప్పు మీది, గడువూ మీరే పెంచండి. ముందు ఇక్కడున్న మా వేళ్లు పెట్టించుకుని, ఆ రెండో టేపేదో ఇవాళే గుంటూరు బస్సెక్కించు. నేనూ బస్టాండుకొస్తా, పద!”